కుంటనీటి జీవులు, పాఠం 4: మగపిల్లలు ఎప్పుడు పుడతాయి?

గత పాఠానికి వచ్చిన జవాబుల్లో ఎక్కువమంది, "కుంట ఎండుతుంటే ఆడ డాఫ్నియాలు (రొయ్యల వర్గానికి చెందిన, గింజంత నీటి జీవులు) మగవిగా మారతాయి" అని రాశారు. ఈ పొరపాటును దిద్దకుండా ముందుకు సాగలేము కనుక, ఈసారి చెప్పదలచిన హైడ్రా అనే మరో నీటి జీవిని పక్కనపెడుతున్నాను.

పుట్టిన డాఫ్నియా లింగం మారదు. పరిస్థితి పనిచేసేది తల్లి మీద. మేత పుష్కలంగా ఉన్నంతకాలం తల్లి మగదానితో కలవకుండానే ఆడపిల్లలను కంటుంది. గుంపు కిక్కిరిసినా, మేత తగ్గినా, పగటి వేళ కుదించుకుపోయినా అదే తల్లి మగపిల్లలనూ కంటుంది. అప్పుడు ఆమె ఒంట్లో మిథైల్ ఫార్నెసోయేట్ అనే హార్మోను ప్రభావం అండాశయంలో పక్వమవుతున్న గుడ్ల మీద పడి, పిండంలో డబుల్‌సెక్స్ అనే జన్యువు చురుకై, మగ లక్షణాలు ఏర్పడతాయి. ఈ మగపిల్లలు కూడా ఫలదీకరణ లేని గుడ్లనుంచే పుడతాయి. తల్లికీ వాటికీ జన్యువులు ఒక్కటే. మనుషుల ఎక్స్, వై క్రోమోజోముల పాఠం తలలో ఉంచుకొని చూసేవారు ఇక్కడే తడబడతారు. మగదాన్ని చేసే క్రోమోజోము కోసం వెతకకండి, తల్లి ఏ నీటిలో బతికిందో అడగండి.

మగవి పుట్టడం వేరు, నిద్రగుడ్లు (కష్టకాలం దాటాక పిల్లలయ్యే గుడ్లు) రావడం వేరు. నిద్రగుడ్లకు సాధారణంగా ఫలదీకరణ కావాలి. అవి తల్లి వీపుమీద నల్లటి జీనులాంటి పెట్టెలో, సాధారణంగా రెండేసి చొప్పున ఏర్పడి, కుంట ఎండినా మట్టిలో నిలిచి ఉంటాయి. మగవాటి పొడవైన మొదటి జత స్పర్శశృంగాలను (తలమీది మీసాల్లాంటివాటిని) భూతద్దంతో వెతకడం కంటే, ఈ నల్లటి వీపును ముందు చూడడమే నాకు ఇష్టం.

రోటిఫర్ల (కంటికి దాదాపు ఆనని మరో రకం నీటి జీవుల) సంగతి వేరు: గుంపు పెరిగితే వేరు రకం ఆడవి పుడతాయి, వాటి ఫలదీకరణ లేని గుడ్లే మగవవుతాయి.

మన తిరుపతిలో ఏడాదిలో అతి పొడవైన పగటికీ అతి చిన్న పగటికీ తేడా సుమారు గంటన్నరే. అందుకే ఇంటి పరిశీలనకు పగటి వేళను వదిలి, గుంపును, మేతను ఎంచుకున్నాను.

అభ్యాసం: కార్తీక వానల తర్వాత చంద్రగిరి వైపు కుంటల నీటిలో డాఫ్నియాలు దొరికితే, ఒకే పరిమాణం గల రెండు గాజు సీసాల్లో, ఒకదానిలో పదింటిని, మరొకదానిలో వందను, ఒకే నీడలో ఉంచండి. రెండింటికీ ఒకే మోతాదు పచ్చటి నీరు (సన్నటి నాచుతో పచ్చబడిన నీరు, ఇదే వాటి మేత) పోస్తే, రెండవ సీసాలో ఒక్కో జీవికి మేత కూడా తగ్గిపోయి, కారణం గుంపా, ఆకలా అన్నది తేలదు. అందువల్ల రెండవదానికి పదింతలు పోయండి. మూడవ సీసాలో పదింటిని ఉంచి, మేతను మాత్రమే తగ్గించండి. మూడు వారాలపాటు రోజూ నల్లటి వీపులవాటిని లెక్కపెట్టి పంపండి.