గిటారు మీద గీతలు పోవాలంటే

మెరుపు తగ్గిందని గిటారును వెంటనే పొడిగుడ్డతో రుద్దకండి. మన పాలమూరు చెల్క నేలల దుమ్ములో సన్నటి ఇసుక ఉంటుంది, కొత్త గీతలు వేసేది అదే. మెత్తని బ్రష్షుతో దులిపి, గట్టిగా పిండిన తడి నూలుగుడ్డతో తుడవండి.

గోరుకు తగలని గీతలకు కార్ల పెయింటు దుకాణంలో దొరికే సన్నరకం రబ్బింగ్ కాంపౌండ్ (పూతను కొద్దికొద్దిగా అరగదీసి నునుపు చేసే పేస్టు) చాలు. సిలికాన్ లేనిదే అడగండి. ఉంటే, తర్వాత ఎప్పుడైనా కొత్త పూత వేయాల్సి వస్తే సరిగా అంటదు. కొద్దిగా గుడ్డకు అద్ది చేత్తోనే రుద్దండి. మెషిన్ వేడికి పూత దెబ్బతినవచ్చు. అంచుల దగ్గర పూత పలచన, అక్కడ చేయి తేలికగా ఆడాలి. థిన్నర్ మాత్రం దగ్గరికి రానివ్వకండి.

ఇదంతా నిగనిగలాడే పూతకే. మెరుపు లేని మ్యాట్ పూత గిటారును రుద్దితే ఆ చోటు మాత్రమే మెరిసి మచ్చలా మిగిలిపోతుంది.