బీఎంఐ ఎలా చూసుకోవాలి? వెయిట్ మిషన్‌తో పాటు టేపు కూడా తీయండి

మా నాన్నకి సుగర్ అని రిపోర్టు వచ్చిన రోజు ఇంట్లో ఎవరం నమ్మలేదు. ఎత్తు 5 అడుగుల 6 అంగుళాలు, బరువు 63 కిలోలు, బీఎంఐ (ఎత్తుకి తగ్గ బరువుందో లేదో చెప్పే అంకె) 22.4. ఆయన్ని లావు అన్నవాళ్ళే లేరు. కాకపోతే లుంగీ బొడ్డు కిందకి జారిపోయి, పైన చిన్న కుండ బోర్లించినట్టు పొట్ట ఉండేది, వయసుతో వచ్చే బొజ్జే కదా అనుకున్నాం. టేపు పెడితే 38 అంగుళాలు! అందుకే బీఎంఐ లెక్క చెప్పమని ఎవరడిగినా నేను టేపు గురించి కూడా చెప్తాను.

ముందు బరువు. పొద్దున్నే, టిఫిన్‌కి ముందు, గట్టి గచ్చు మీద మిషన్ పెట్టి చూసుకోండి. చాప మీదో కార్పెట్ మీదో పెడితే తప్పు చూపిస్తుంది.

ఎత్తు మాత్రం కాలేజీ రోజుల్లోది గుర్తు తెచ్చుకుని రాయకండి, మళ్ళీ కొలవండి, పెద్దవయసులో కొంత తగ్గుతుంది కూడా. చెప్పులు విప్పి, మడమలు గోడకి ఆనించి నిలబడితే, ఇంకొకరు తల మీద అట్ట ఉన్న పుస్తకం సమంగా పెట్టి గోడ మీద పెన్సిల్‌తో గీత గీయాలి. ఒక్క అంగుళం తేడాకే లెక్క మారిపోతుంది: 68 కిలోల మనిషి 5 అడుగుల 4 అంగుళాలుంటే బీఎంఐ 25.7, అదే 5 అడుగుల 5 అంగుళాలైతే 24.9.

ఇప్పుడు ఫోన్లో కాలిక్యులేటర్ తీయండి. ఎత్తుని అంగుళాల్లోకి మార్చి 0.0254తో గుణిస్తే మీటర్లు వస్తాయి. 64 అంగుళాలంటే 1.626 మీటర్లు. బరువుని దాంతో భాగించి, వచ్చినదాన్ని మళ్ళీ అదే అంకెతో భాగించాలి. 68ని 1.626తో రెండుసార్లు భాగిస్తే 25.7. అంతే.

చాలామంది పొరపడేది ఆ తర్వాతే. ప్రపంచ ఆరోగ్య సంస్థ మామూలు పట్టికలో 18.5 నుంచి 25 లోపు సరైన బరువు, 30 నుంచి ఊబకాయం. కానీ మన దేశ డాక్టర్లు 2009లో ఒప్పుకున్న లెక్క ప్రకారం మనకి 23 నుంచే అధిక బరువు, 25 నుంచే ఊబకాయం. అంటే పై ఉదాహరణలో 5 అడుగుల 4 అంగుళాల మనిషికి సరైన బరువు సుమారు 49 నుంచి 60 కిలోలు.

మనకెందుకింత కఠినం? పుణె డాక్టర్ యాజ్ఞిక్, లండన్ డాక్టర్ యుడ్కిన్ పక్కపక్కన నిలబడి దిగిన ఫొటో 2004లో ఒక వైద్య పత్రికలో వచ్చింది, ఇద్దరి బీఎంఐ 22.3. ఒంట్లో కొవ్వు చూస్తే యుడ్కిన్‌కి 9.1 శాతం, యాజ్ఞిక్‌కి 21.2 శాతం. మన ఒళ్ళు సన్నగా కనిపిస్తూనే లోపల, ముఖ్యంగా పొట్ట దగ్గర, కొవ్వు దాచుకుంటుంది, సుగర్ ముప్పు ఎక్కువగా అక్కణ్ణించే.

కాబట్టి టేపు. చొక్కా పైకెత్తి, పక్కన చివరి పక్కటెముకకీ తుంటి ఎముక పైఅంచుకీ సరిగ్గా మధ్యలో, ఒంటి మీదే చుట్టండి, మామూలుగా ఊపిరి వదిలాక చూడండి. పొట్ట లోపలికి పీల్చొద్దు. ప్యాంటు సైజు చెప్పేస్తే కుదరదు, మగవాళ్ళు పొట్ట పెరిగేకొద్దీ ప్యాంటుని కిందకి దించి పదేళ్ళుగా అదే 34 వేసుకుంటుంటారు. మగవాళ్ళకి 90 సెంటీమీటర్లు, అంటే 35.4 అంగుళాలు, ఆడవాళ్ళకి 80, అంటే 31.5, దాటకూడదు.

గర్భిణులకి, ఒళ్ళు నీరు పట్టినవాళ్ళకి, బాగా కండలు పెంచినవాళ్ళకి బీఎంఐ పనికిరాదు. పిల్లల పట్టికలు వేరే ఉన్నాయి. 18.5 కంటే తక్కువున్నా, ప్రయత్నించకుండానే బరువు తగ్గిపోతున్నా డాక్టర్ని కలవండి, సన్నగా ఉన్నామని సంతోషపడొద్దు.

తగ్గాలంటే మొత్తం బరువు మీద ఒకేసారి టెన్షన్ పడకండి. మొదట 5 శాతం చాలు, 68 కిలోలకి సుమారు మూడున్నర కిలోలు, వారానికి అర కిలో మించి వద్దు. సుగర్ మాత్రలు వాడేవాళ్ళు డాక్టర్ని అడగకుండా పూట భోజనం మానేయకండి, సుగర్ పడిపోవచ్చు.

నాన్న మూడోసారి అన్నం వడ్డించుకోవడం మానేసి ఆ చోటు పప్పు, కూరలకిచ్చారు, రోజూ అరగంట వేగంగా నడిచారు. ఆరు నెలల్లో బరువు తగ్గింది రెండు కిలోలే, నడుం మాత్రం 38 నుంచి 36కి వచ్చింది. ఇంకా అర అంగుళం పైనే తగ్గాలి.