చెస్ ఇంజిన్ టెస్టింగ్‌కి యాంటీవైరస్ అడ్డు పడుతోందా?

ఫాస్ట్ గేముల్లో మీ చెస్ ఇంజిన్ (చెస్ ఆడే ప్రోగ్రామ్) ఊరికే టైమ్ అయిపోయి ఓడుతోందంటే, కోడ్‌ని తిట్టుకునే ముందు యాంటీవైరస్‌ని చూడండి. అప్పుడే కంపైల్ చేసిన ఫైలంటే దానికి అనుమానం, ఇంజిన్ మొదలైనప్పుడూ టేబుల్‌బేస్ (కొద్ది పావులే మిగిలిన పొజిషన్లకి ముందే లెక్కకట్టిన ఫలితాలు) ఫైల్ తెరిచినప్పుడూ మధ్యలో దూరి తనిఖీ చేస్తుంది, గేమ్‌కి పది సెకన్లే ఇచ్చిన చోట ఆ కాస్త ఆలస్యమే కొంప ముంచుతుంది.

విండోస్ సెక్యూరిటీలో వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్, మేనేజ్ సెట్టింగ్స్, అడుగున ఎక్స్‌క్లూజన్స్, అంటే తనిఖీ చేయొద్దని చెప్పే జాబితా. ఇంజిన్ల ఫోల్డర్ ఒక్కటే చేర్చండి, డౌన్‌లోడ్స్ మాత్రం అస్సలు వద్దు. గేములు ఆడించే ప్రోగ్రామ్‌లో ప్రతి గేమ్‌కీ ఇంజిన్‌ని రీస్టార్ట్ చేసే ఆప్షన్ ఉంటే అదీ ఆపేయండి.

ఫుల్ స్కాన్ నడిస్తే సీపీయూనే తినేస్తుంది. స్టాక్‌ఫిష్ అనే చెస్ ఇంజిన్‌లో వేగం కొలిచే బెంచ్ (bench) కమాండ్ కొట్టి, స్కాన్ ఉన్నప్పుడూ లేనప్పుడూ సెకనుకి నోడ్లు (ఇంజిన్ చూసిన పొజిషన్లు) ఎన్నొచ్చాయో పోల్చండి. అయితే నల్లగొండ మే నెల మధ్యాహ్నం కొలిస్తే వేడికి ప్రాసెసరే నెమ్మదిస్తుంది, ఆ నింద యాంటీవైరస్ మీద వేయకుండా రాత్రి పూట కొలవండి.