అమర్‌నాథ్ యాత్ర దరఖాస్తు విధానం: కొండ మీది రక్షణ వ్యవస్థకు మనం ఇచ్చే సమాచారం

సముద్రమట్టానికి 3,888 మీటర్ల ఎత్తున ఉన్న అమర్‌నాథ్ గుహను దర్శించదలచిన ప్రతి ఒక్కరూ శ్రీ అమర్‌నాథ్‌జీ ష్రైన్ బోర్డు వద్ద ముందుగా పేరు నమోదు చేయించుకోవాలి. దరఖాస్తులో అడిగే వివరాల్లో చాలావరకు, దారిలో ఆపద ఎదురైతే మనల్ని వెతికి, మోసుకొచ్చి, వైద్యం చేసే సిబ్బందికి ఉపయోగపడేవే. అందువల్ల ఏ పత్రం ఎక్కడ తీసుకోవాలో చెప్పడంతో పాటు, దాన్ని ఎందుకు అడుగుతున్నారో కూడా ఇక్కడ వివరిస్తున్నాను. ఇందులోని నిబంధనలు 2025 యాత్ర నాటివి. తేదీలు, రుసుములు ఏటా మారతాయి కాబట్టి దరఖాస్తుకు ముందు బోర్డు వెబ్‌సైట్‌లో ఆ సంవత్సరపు ప్రకటనను చూసుకోవాలి.

ఈ కట్టుబాట్లు ప్రాణాలు పోయిన తరువాత వచ్చినవి. 1996 ఆగస్టులో అకాల మంచుతుపాను చుట్టుముట్టి 240 మందికి పైగా యాత్రికులు మరణించారు. ఆ దుర్ఘటనపై నియమించిన నితీశ్ సేన్‌గుప్తా కమిటీ, యాత్రికుల సంఖ్యను అదుపులో ఉంచాలని సూచించింది. 2012లో యాత్ర మార్గంలో మరణాలు పెరగడంతో సుప్రీంకోర్టు తనంతట తానుగా విచారణ చేపట్టింది. ఆ తరువాతనే వైద్య పరీక్ష పత్రం అందరికీ తప్పనిసరి అయింది.

దరఖాస్తులో మొదటి మెట్టు ఆ పత్రమే. దీన్ని తప్పనిసరి ఆరోగ్య ధ్రువీకరణ పత్రం, వాడుకలో సీహెచ్‌సీ, అంటారు. మన కుటుంబ వైద్యుడు రాసిచ్చినది చెల్లదు. రాష్ట్రాలవారీగా బోర్డు ప్రకటించే జాబితాలోని వైద్యుడు లేదా ఆసుపత్రి మాత్రమే ఇవ్వాలి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలకు సంబంధించిన జాబితాలు కూడా బోర్డు వెబ్‌సైట్‌లో ఉంటాయి. బోర్డు నిర్ణయించిన తేదీ తరువాత తీసుకున్న పత్రమే పనికివస్తుంది కాబట్టి పోయిన ఏటి పత్రంతో వెళితే పేరు నమోదు చేసే బ్యాంకులో వెనక్కి పంపేస్తారు. 13 ఏళ్లు నిండనివారికీ, 70 ఏళ్లు దాటినవారికీ, ఆరు వారాలకు మించిన గర్భంతో ఉన్నవారికీ అనుమతి లేదు.

వైద్యుని ముందు కూర్చున్నప్పుడు బీపీ, షుగరు, ఉబ్బసం, గుండె జబ్బు, మూర్ఛ వంటివి దాచకూడదు. ఎక్కడ అనుమతి రాదోనన్న భయంతో పెద్దవాళ్లు ఈ విషయాలు దాటవేయడం, పిల్లలు కూడా సరేననడం మన ఇళ్లలో తరచూ జరిగేదే. అయితే గుహకు బాల్తాల్ నుంచి ఒకటి, పహల్గాం నుంచి ఒకటి, రెండు దారులున్నాయి. బాల్తాల్ శిబిరం ఉన్నది సుమారు 2,740 మీటర్ల ఎత్తులో. అక్కడి నుంచి గుహ దాకా ఉన్న 14 కిలోమీటర్లలో, ఒక్క పూటలోనే, వెయ్యి మీటర్లకు పైగా ఎక్కాలి. పహల్గాం దారిలో రెండు మూడు రోజులు పట్టినా, మధ్యలో 4,200 మీటర్లు దాటిన మహాగుణాస్ కనుమ వస్తుంది. ఇంత ఎత్తుకు శరీరం అలవాటు పడకపోతే మొదట తలనొప్పి, వికారం, నిద్రలేమి మొదలవుతాయి. వాటిని పట్టించుకోకుండా పైకి నడిస్తే ఊపిరితిత్తుల్లో నీరు చేరి, కూర్చున్నా ఆయాసం తగ్గదు. లేదా మెదడు వాచి మాట తడబడుతుంది, అడుగు తూలుతుంది. ఈ దశలో అసలైన చికిత్స మనిషిని వెంటనే కిందికి దించడమే. ఆక్సిజన్, మందులు అందుకు తోడు మాత్రమే. మాట్లాడలేని స్థితిలో ఉన్న యాత్రికుడికి వైద్య శిబిరంలో ఏ మందు ఇవ్వవచ్చో, ఏది ఇవ్వకూడదో తేల్చుకోవడానికి వైద్యునికి ఆ పత్రంలోని బ్లడ్ గ్రూపు, పాత జబ్బుల వివరాలే ఆధారం. అది నిజంగా నింపినదై ఉండాలి.

సీహెచ్‌సీ చేతికి వచ్చాక నమోదుకు రెండు మార్గాలున్నాయి. బోర్డు ఎంపిక చేసిన బ్యాంకు శాఖల్లో నేరుగా చేయించుకోవచ్చు, లేదా బోర్డు వెబ్‌సైట్‌లో ఫోటో, సీహెచ్‌సీ అప్‌లోడ్ చేసి ఆన్‌లైన్‌లో రుసుము కట్టవచ్చు. బ్యాంకులో ఆధార్‌తో వేలిముద్ర సరిచూస్తారు. ఇంటిపేరు ఆధార్‌లో పొడి అక్షరంగా ఉందో, పూర్తిగా ఉందో చూసుకుని, అన్ని పత్రాల్లోనూ అదే విధంగా రాయడం మంచిది. ఒక్కో రోజుకు, ఒక్కో దారికి పరిమిత సంఖ్యలోనే అనుమతులు ఇస్తారు. ఇరుకైన కొండ దారిలో ఒకే రోజు ఎంతమందిని పంపితే ఆపదలో తిరిగి దించగలమన్న లెక్క దీని వెనుక ఉంది. అందుకే అనుమతిలో రాసి ఉన్న తేదీ, దారి మనకు నచ్చినట్టు మార్చుకోవడానికి వీలుండదు.

ఫోన్ నంబరు, అత్యవసరంలో సంప్రదించవలసిన వ్యక్తి వివరాల దగ్గర కాస్త ఆగి ఆలోచించాలి. ట్రావెల్స్ ద్వారా వెళ్లే బృందాల్లో అందరి ఫారాల్లోనూ నిర్వాహకుని నంబరే రాసే వీలుంది, దానికి ఒప్పుకోకూడదు. అత్యవసర నంబరుగా వెంట నడిచే మనిషిది కాక, ఇంటి దగ్గర ఉండి ఫోన్ ఎత్తే మనిషిది ఇవ్వాలి, ఎందుకంటే వెంట ఉన్నవారు కూడా అదే ఆపదలో చిక్కుకోవచ్చు.

జమ్మూ కశ్మీర్ చేరాక, నిర్దేశిత కేంద్రాల్లో ఆర్‌ఎఫ్‌ఐడీ కార్డు, అంటే రేడియో తరంగాలతో మనల్ని గుర్తించే కార్డు, తీసుకోవాలి. 2022 నుంచి అమల్లో ఉన్న ఈ కార్డు లేనిదే బాల్తాల్ వైపు దోమేల్ వద్ద, పహల్గాం వైపు చందన్‌వాడీ వద్ద ద్వారం దాటనివ్వరు. దీన్ని సంచిలో పెట్టకుండా మెడలో వేసుకోవాలి. ఎవరు ఏ ద్వారం ఎప్పుడు దాటారన్నది దీనివల్లే నమోదవుతుంది. ఎవరైనా కనిపించకపోతే వెతుకులాట ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పేది ఆ సమాచారమే.

రక్షణ ఏర్పాట్లు అంచెలుగా ఉంటాయి. నడక దారిలో జారిపడే చోట్ల, రాళ్లు దొర్లే చోట్ల జమ్మూ కశ్మీర్ పోలీసుల పర్వత రక్షణ బృందాలతో పాటు విపత్తు స్పందన దళాలైన ఎస్‌డీఆర్‌ఎఫ్, ఎన్‌డీఆర్‌ఎఫ్, కేంద్ర పోలీసు దళమైన సీఆర్‌పీఎఫ్ సిబ్బంది తాళ్లు, స్ట్రెచర్లు, ఆక్సిజన్ సిలిండర్లతో ఉంటారు. వారు రోగిని దగ్గరి వైద్య శిబిరానికి, అక్కడి నుంచి బాల్తాల్ లేదా చందన్‌వాడీలోని పెద్ద ఆసుపత్రికి దించుతారు. ఒక్కో శిబిరానికి బోర్డు తరఫున క్యాంపు డైరెక్టరు ఉంటారు. హెలికాప్టరు మబ్బు కమ్మిన లోయలో ఎగరలేదు కాబట్టి, చాలా సందర్భాల్లో మనిషిని దించేది మనుషుల భుజాలే. 2025లో యాత్ర మార్గాలను నో ఫ్లై జోన్‌గా ప్రకటించి యాత్రికుల హెలికాప్టర్లను ఆపేసినప్పుడు కూడా, రోగుల తరలింపునకు, విపత్తు సహాయానికి మినహాయింపు ఇచ్చారు.

ఈ వ్యవస్థకు పెద్ద పరీక్ష 2022 జులై 8న ఎదురైంది. ఆ సాయంత్రం గుహ పై నుంచి ఒక్కసారిగా దూకిన వరద గుడారాలనూ, ఉచిత భోజనం పెట్టే లంగర్లనూ ఈడ్చుకుపోయింది. కనీసం 15 మంది మరణించారు. మృతుల్లో ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లినవారూ ఉన్నారు. రాత్రంతా సరిహద్దు పోలీసు దళమైన ఐటీబీపీ, సైన్యం, ఎన్‌డీఆర్‌ఎఫ్ బృందాలు యాత్రికులను కింద ఉన్న పంచతరణి శిబిరానికి దించాయి. సైన్యం జాగిలాలతో, రాడార్లతో శిథిలాల కింద వెతికింది. వాయుసేన హెలికాప్టర్లు క్షతగాత్రులను తరలించాయి. అటువంటి సమయంలో ఇక్కడి బంధువులు ముందుగా తెలుసుకోగోరేది తమవారు ఆ రోజు ఏ శిబిరంలో ఉన్నారన్నదే. కాబట్టి అనుమతి పత్రం ప్రతిని, బస చేసే శిబిరాల పేర్లను ఇంట్లో ఒకరి దగ్గర ఉంచి బయలుదేరాలి.

ఫోన్ విషయంలో ఒక జాగ్రత్త అవసరం. ఇతర రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్‌లు జమ్మూ కశ్మీర్‌లో పనిచేయవు. పోస్ట్‌పెయిడ్ నంబరు ఉండాలి, లేదా అక్కడ యాత్రికుల కోసం ఇచ్చే సిమ్ తీసుకుని ఆ కొత్త నంబరును వెంటనే ఇంటికి, బృందంలోని వారికి తెలియజేయాలి. తన పేరు, చిరునామా, తోటి యాత్రికుని ఫోన్ నంబరు రాసిన చీటీని జేబులో పెట్టుకోవాలని బోర్డు కూడా కోరుతుంది. దాన్ని ఇంగ్లిషులో గానీ హిందీలో గానీ రాసి, తడవకుండా చిన్న ప్లాస్టిక్ కవరులో ఉంచాలి. తెలుగులో మాత్రమే రాస్తే అక్కడి సిబ్బంది చదవలేరు.

దారిలో ఎవరికైనా ఆపద వస్తే, దగ్గరలోని సిబ్బందికి చెప్పాలి, లేదా 112కు ఫోన్ చేయాలి. దాటి వచ్చిన శిబిరం లేదా లంగరు పేరు, అక్కడి నుంచి ఎంతసేపు నడిచారు, రోగి స్పృహలో ఉన్నారా, నిలబడగలరా, కార్డు మీది నంబరు ఎంత అన్న వివరాలు ముందుగా చెప్పాలి. సిబ్బంది వచ్చేవరకు రోగిని ఒంటరిగా వదలకూడదు. దర్శనం ఇంకొంచెం దూరమే కదా అని పైకి నడిపించకూడదు. దింపవలసి వస్తే బృందంలో ఒకరు సీహెచ్‌సీ నకలు, వాడుతున్న మందులు తీసుకుని స్ట్రెచర్ వెంట వెళ్లాలి.