చెరువు గొడవని చార్టు మీదకి ఎక్కించడం ఎలా

పర్లాకిమిడి చుట్టుపక్కల ఊళ్లలో నీటి సంఘాల మీటింగులు నడపడం నా పని. ఒడిశాలో వీటిని పాణి పంచాయత్ అంటారు, 2002 చట్టం కింద వచ్చాయి. మీటింగు ఎక్కడ పెట్టినా మొదటి అరగంట ఒకటే పాట: "పైనోళ్లు తూము ఇప్పీసుకుంటన్నారు బాబూ, మాకేటొస్తాది?" పైనోళ్లు మాత్రం ఊరుకుంటారా? ఆ గొడవ తీర్చే మంత్రం నా దగ్గర లేదు. చెరువు ఎందుకిలా తయారైందో అందరూ కలిసి తేల్చుకునే పద్ధతి ఒకటుంది. 1950ల్లో అమెరికాలోని ఎం.ఐ.టి. విశ్వవిద్యాలయంలో జే ఫారెస్టర్ అనే ప్రొఫెసర్ మొదలుపెట్టిన సిస్టమ్ డైనమిక్స్ దీనికి మూలం. ఆయన ఫ్యాక్టరీల్లో సరుకు నిల్వలు ఎందుకు పెరిగి తగ్గుతున్నాయో చూశారు, మనం చెరువు నీళ్లు చూస్తాం. నిల్వ, రాక, పోక: రెండు చోట్లా లెక్క ఒకటే.

ముందు మనుషుల్ని కుదుర్చుకోండి. ఇలాంటి మీటింగుకి అయిదు పాత్రలు కావాలని 1990ల్లో ఇదే పద్ధతి మీద పనిచేసిన పరిశోధకులు జార్జ్ రిచర్డ్‌సన్, డేవిడ్ ఆండర్సన్ రాశారు. ప్రశ్నలడిగే మనిషి, బొమ్మ గీసే మనిషి, మీటింగు నడక గమనించే మనిషి, రాసుకునే మనిషి, ఊరికీ మనకీ మధ్య నిలబడే ఊరి మనిషి. అంతమంది మనకి దొరకరు. ముగ్గురితో లాగించెయ్యొచ్చు, కానీ అడిగేవాళ్లూ గీసేవాళ్లూ ఒకరే కాకూడదు. అడిగే మనిషి చార్టు వైపు తిరిగాడా, వెనక వరసలో ఆడవాళ్లు చెప్పబోయిన మాట అక్కడే ఆగిపోతుంది. ఊరి మనిషి లేకుండా మాత్రం మొదలెట్టొద్దు. ఆ పనికి సర్పంచ్‌ని పెట్టకండి. ఆయన ఏమన్నా సగంమంది తలూపేస్తారు.

దేనివల్ల ఏది మారుతోందో చూపే బాణాలు తర్వాత గీస్తాం, వాటికి తొందరపడొద్దు. అడ్డంగా ఏళ్లు, నిలువుగా ఒకే ఒక్క కొలత వేయండి: సంక్రాంతి నాటికి రేవులో ఎన్ని మెట్లు మునిగి ఉండేవి? ఏళ్లు ఎవరికీ సరిగ్గా గుర్తుండవు గానీ తుపాన్లు గుర్తుంటాయి. 2013 ఫైలిన్, 2018 తిత్లీ ముందే గుర్తు పెట్టుకుని, "తిత్లీకి ముందు సంక్రాంతికి ఎంత నీరుండేది?" అని అడగండి. ఎవరి కాగితం మీద వాళ్ల చేతే గీయించి, తర్వాత పక్కపక్కన అతికించండి. ఎగువ రైతు గీత నెమ్మదిగా దిగుతుంది, శివారు రైతు గీత టక్కున పడిపోతుంది. ఒకే చెరువు, అవే మెట్లు. ఎందుకని తరచి అడిగితే, శివారు రైతు గీసింది చెరువులో నీరు కాదు, తన పొలం దాకా వచ్చిన నీరు అని బయటపడుతుంది. అంటే కొలతలు రెండు. రెండో చార్టు అప్పుడే పెట్టండి. మీటింగులో సగం టైము దీనికే పోయినా పోనివ్వండి.

తర్వాత రంగు చీటీలు. చీటీ మీద రాసేది పెరిగేదో తగ్గేదో అయి ఉండాలి. "ప్రభుత్వ నిర్లక్ష్యం" అని ఎవరో తప్పకుండా రాస్తారు. దాన్ని పక్కన పడేయకుండా, "ఏది తగ్గితే నిర్లక్ష్యం అంటున్నారు?" అని అడగండి. "కాలవ పూడిక తీయడానికొచ్చిన డబ్బు" అంటారు. అదీ చీటీ. చదువు రానివాళ్లు చెబితే పక్కనున్న పిల్లలు రాస్తారు.

చీటీల మధ్య బాణం గీసి గుర్తు పెట్టాలి. ఒకటి పెరిగితే రెండోదీ పెరిగితే ప్లస్సు, రెండోది తగ్గితే మైనస్సు. బాణాలు తిరిగి తిరిగి మొదటి చీటీకే వస్తే అది చక్రం. మా వైపు తరచుగా వచ్చే చక్రం ఇది: బోర్లు పెరిగితే చెరువు మీద ఆధారపడేవాళ్లు తగ్గుతారు, మైనస్సు. వాళ్లు తగ్గితే కాలవ పనికొచ్చే చేతులూ తగ్గుతాయి, రెండూ ఒకే దిక్కు కాబట్టి ప్లస్సు. చేతులు తగ్గితే పూడిక పెరుగుతుంది, మైనస్సు. పూడిక పెరిగితే శివారుకి నీరు తగ్గుతుంది, మైనస్సు. అక్కడ నీరు తగ్గితే మళ్లీ బోర్లు పెరుగుతాయి, మైనస్సు. మైనస్సులు నాలుగు. సరిసంఖ్య వస్తే చక్రం తనని తానే పెంచుకుంటూ పోతుంది, బేసి వస్తే ఎక్కడో ఒకచోట అణిగిపోతుంది. బోర్లు పెరిగి, భూగర్భ జలం దిగి, తవ్వకం ఖర్చు పెరిగి, కొత్త బోర్లు తగ్గడం బేసి చక్రం. ఆలస్యంగా పనిచేసే బాణం మీద రెండు అడ్డగీతలు పెట్టండి. పూడిక ఒక్క ఏడాదిలో పేరుకోదు కదా.

ఇక్కడ "తప్పు పైనోళ్లది" అనే మాట దానంతటదే పలచబడుతుంది. మీరు మాత్రం ఆ సంగతి ఎత్తకండి, మళ్లీ రాజుకుంటుంది.

అంకెలు కొద్దిగా చాలు. నాలుగు హెక్టార్ల చెరువులో రోజుకి 5 మిల్లీమీటర్లు ఆవిరైతే 200 ఘనమీటర్లు, అంటే రెండు లక్షల లీటర్లు. ఈ లెక్క గట్టు మీదే వేసి చూపిస్తే, పోయిన నీరంతా తూములోంచే పోలేదని తెలుస్తుంది. కంప్యూటర్లో చూడాలనుకుంటే వెన్సిమ్ అనే సాఫ్ట్‌వేర్‌కి సొంత వాడకం కోసం ఉచిత వెర్షన్ ఉంది. మొదటి మీటింగులో లాప్‌టాప్ తెరవకండి, జనం స్క్రీన్ చూస్తూ కూర్చుంటారు.

చివరగా బొమ్మకే పరీక్ష పెట్టండి. ఇది నిజమైతే బోర్లు తక్కువున్న పక్క ఊళ్లో కాలవ శుభ్రంగా ఉండాలి. ఉందో లేదో ఎగువ నుంచి ఒకరిని, శివారు నుంచి ఒకరిని కలిపి పంపి చూసి రమ్మనండి. లేకపోతే బాణం చెరిపి మళ్లీ గీయాలి, అందుకే మొదట పెన్సిలే వాడండి. ఫోటో మీరు తీసుకోండి, చార్టు ఊళ్లోనే ఉంచండి. రెండో మీటింగు నారుమళ్లకి నీళ్లు వదిలే ముందే పెట్టండి, వదిలాక ఎవరూ రారు.