1900ల నాటి కాలేజీ ఫుట్‌బాల్ సీజన్ రికార్డు చదవడం ఎలా

ముందే ఒక మాట, ఇక్కడ ఫుట్‌బాల్ అంటే కాలితో తన్నే గుండ్రటి బంతి ఆట కాదు, అమెరికా వాళ్లు కోలగా ఉండే బంతిని చంకలో ఇరికించుకుని పరిగెత్తే ఆట. దాని పాత రికార్డులు తిరగేస్తే 1901లో మిషిగన్ యూనివర్సిటీ జట్టు 11 మ్యాచ్‌లు ఆడి అన్నీ గెలిచిందని, 550 పాయింట్లు కొట్టి ఎదుటివాళ్లకు ఒక్క పాయింటూ ఇవ్వలేదని ఉంటుంది. అచ్చుతప్పు అనుకుంటాం, కాదు.

స్కోరు జోలికి వెళ్లేముందు ఏ సంవత్సరమో చూడండి. అప్పట్లో రూల్స్ ఊరికే మారిపోతుండేవి. టచ్‌డౌన్‌కి, అంటే బంతిని ఎదుటివాళ్ల గోల్ గీత దాటించినందుకు, 1911 దాకా 5 పాయింట్లే, 1912 నుంచి 6. ఫీల్డ్ గోల్ (బంతిని తన్ని గోల్ స్తంభాల మధ్యగా పంపడం) సంగతి ఇంకా గందరగోళం: 1903 దాకా 5, 1904లో 4, 1909లో 3 అయింది. 1911లో కార్లైల్ ఇండియన్ స్కూల్ (అమెరికా ఆదివాసీల బడి, మన ఇండియాది కాదు) 18–15తో హార్వర్డ్‌ని ఓడించిన మ్యాచ్ తీసుకోండి. కార్లైల్ ఆటగాడు జిమ్ థోర్ప్ నాలుగు ఫీల్డ్ గోల్స్ కొట్టాడు, అవి 12. ఒక టచ్‌డౌన్ 5, దాని వెంట కిక్ 1, మొత్తం 18. ఇప్పటి లెక్కలో అయితే 19 అయ్యేది. ఇలా ఒక్క మ్యాచ్‌ని కాగితం మీద విడగొట్టి చూస్తే మిగతావి వాటంతట అవే అర్థమవుతాయి.

ఆట తీరు కూడా సంవత్సరాన్ని బట్టే. 1905 దాకా మూడు ప్రయత్నాల్లో 5 గజాలు ముందుకెళ్తే చాలు, బంతిని ముందుకి విసరడం నిషేధం, కాబట్టి అంతా గుంపుగా మీదపడి తోసుకోవడమే. ఆటగాళ్లు చనిపోతున్నారని గొడవ పెద్దదై, 1905 అక్టోబరులో ప్రెసిడెంట్ రూజ్‌వెల్ట్ హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్ వాళ్లని వైట్‌హౌస్‌కి పిలిపించాడు. 1906లో ఫార్వర్డ్ పాస్‌కి, అంటే బంతిని ముందుకి విసరడానికి, అనుమతి వచ్చింది, 5 గజాలు 10 అయ్యాయి. అందుకే ఒకే జట్టువైనా 1905, 1906 సీజన్లను పక్కపక్కన పెట్టి పోల్చకండి.

తర్వాత ప్రత్యర్థి ఎవరో చూడండి. నా దృష్టిలో అందరూ ఎక్కువగా పొరబడేది ఇక్కడే. పెద్ద కాలేజీలు సీజన్ మొదట్లో చిన్న కాలేజీలతో, మెడికల్ కాలేజీలతో, ఒక్కోసారి హైస్కూల్ జట్లతో కూడా ఆడేవి. 1905లో నోటర్ డామ్ 142–0తో గెలిచింది ఒక మెడికల్ కాలేజీ మీదే. పాపం, డాక్టర్లు కావాల్సినవాళ్లు.

పాత పత్రికలు దొరికితే కనీసం రెండు చదవండి, ఒకటి గెలిచిన ఊరిది, ఇంకోటి ఓడిన ఊరిది. చొక్కాల మీద నంబర్లు ఇంకా అలవాటు కాని రోజులు, బంతి ఎవరి చేతిలో ఉందో విలేకరి కూడా ఒక్కోసారి ఊహించి రాసేవాడు. ఒక్కో సగం ఎన్ని నిమిషాలు ఆడారో వెతకండి, చిన్న జట్లతో ఆడేటప్పుడు తగ్గించుకునేవాళ్లు.

'జాతీయ చాంపియన్' అని కనిపిస్తే వెంటనే నమ్మేయకండి. అసోసియేటెడ్ ప్రెస్ అనే వార్తా సంస్థ ర్యాంకులు ఏటా రావడం మొదలైందే 1936లో, అంతకుముందువి చాలావరకు తర్వాతెప్పుడో వెనక్కి లెక్కేసి ఇచ్చినవి. 1901లో హార్వర్డ్ కూడా తన 12 మ్యాచ్‌లూ గెలిచింది మరి!

ఇంకొకటి, 2–0 లాంటి వింత స్కోరు ఎదురైతే కంగారు పడొద్దు, అది సేఫ్టీ. బంతి పట్టుకున్నవాడిని వాడి గోల్ గీత వెనకే పడేస్తే ఎదుటి జట్టుకి 2 పాయింట్లు. 56 మ్యాచ్‌లు ఓటమి లేకుండా వచ్చిన మిషిగన్‌ని 1905 థాంక్స్‌గివింగ్ రోజున (నవంబరులో వచ్చే అమెరికా పండగ) చికాగో యూనివర్సిటీ ఓడించింది సరిగ్గా ఆ రెండు పాయింట్లతోనే.