శాఖ మారి అమెరికాలో ఎమ్మెస్‌కు వెళ్లేవారు వీసా ఇంటర్వ్యూకు ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

దాళ్వా (రబీ వరి) కోతలు ముగిసి ఆగస్టు ప్రవేశాల కోసం వీసా స్లాట్ల వేట మొదలయ్యేసరికి, భీమవరం, కాకినాడ, రాజమహేంద్రవరం కన్సల్టెన్సీల ముందు మెకానికల్, సివిల్ లేదా వ్యవసాయ డిగ్రీ చదివి కంప్యూటర్ సైన్సుకో, డేటా అనలిటిక్సుకో మారుతున్న విద్యార్థులు కనిపిస్తుంటారు. శాఖ మారడం నిబంధనలకు విరుద్ధం కాదు. అయితే అమెరికా వలస చట్టంలోని 214(బి) సెక్షన్ ప్రకారం, దరఖాస్తుదారు అక్కడే స్థిరపడే ఉద్దేశంతో వస్తున్నాడని ముందుగా భావిస్తారు. కాదని ఒప్పించే భారం విద్యార్థిదే. కొద్ది నిమిషాల్లో ముగిసే ఇంటర్వ్యూలో చదివినదానికీ చదవబోయేదానికీ పొంతన కుదరకపోతే, ఈ చదువు అమెరికా చేరడానికి ఒక సాకేమోనన్న సందేహం అధికారికి కలుగుతుంది.

అందువల్ల అన్నిటికంటే ముందు సిద్ధం చేసుకోవలసింది మారడానికి గల కారణం. ఆ శాఖకు స్కోప్ ఉందనో, సీనియర్లందరూ అదే చదువుతున్నారనో చెప్పడం కారణం కాదు. చదువయ్యాక అక్కడ పనిచేయడానికి అనుమతించే 12 నెలల ఓపీటీ, స్టెమ్ (సైన్సు, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం) కోర్సులకు ఆపైన మరో 24 నెలలు దొరుకుతాయన్న లెక్క మనసులో ఉండవచ్చు గానీ, కోర్సు ఎంపికకు అదే ఆధారమైతే ప్రశ్నలు మొదలైన కాసేపటికే బయటపడుతుంది. మెకానికల్ చదివిన విద్యార్థి తన ప్రాజెక్టులో రొయ్యల చెరువు నీటిలోని ఆక్సిజన్‌ను సెన్సర్లతో కొలిచి, నీటిలో గాలి కలిపే ఏరియేటర్లు ఎప్పుడు తిప్పాలో ఆ అంకెలనుబట్టి తేల్చే ప్రయత్నం చేసి, అక్కడ తనకు ప్రోగ్రామింగ్ చాలలేదని గుర్తించి ఉంటే, అది రెండు వాక్యాల్లో చెప్పగలిగిన నిజమైన కారణం. అలాంటి పని చేయనివారు దీన్ని అరువు తెచ్చుకోకూడదు. ఏ సెన్సర్ వాడావన్న మరుప్రశ్నకే ఆ కథ కూలిపోతుంది. చేరబోయే విభాగం వెబ్‌సైట్‌లో పాఠ్యాంశాలు చదివి, తన లోటును తీర్చేవి రెండు మూడు పేర్లతో చెప్పగలగాలి. ప్రవేశపత్రంలో ముందుగా పూర్తిచేయవలసిన ప్రాథమిక కోర్సులు ఉంటే వాటిని దాచకుండా చెప్పడమే మంచిది.

కన్సల్టెన్సీవారు పదిమందికీ ఒకే అచ్చులో పోసి ఇచ్చే ఎస్‌వోపీని (చదువు లక్ష్యాన్ని వివరించే వ్యాసాన్ని) నమ్ముకోవడం ప్రమాదకరం. శాఖ మార్పును సమర్థించుకోవడానికి దొంగ అనుభవ ధ్రువపత్రం కొనడం అంతకు మించిన ప్రమాదం. ఉద్దేశపూర్వకంగా తప్పుడు సమాచారం ఇచ్చినట్టు తేలితే అమెరికా ప్రవేశానికి శాశ్వత నిషేధం పడవచ్చు.

విశ్వవిద్యాలయం ఇచ్చే ఐ-20 పత్రంలో కోర్సు పేరు, కాలవ్యవధి, ఖర్చుల అంచనా సరిగా ఉన్నాయో లేదో చూడాలి. వీసా రాకముందే మరో విశ్వవిద్యాలయానికి మారితే, ఐ-20పై ఉండే సెవిస్ (విద్యార్థి నమోదు) సంఖ్య కూడా మారుతుంది కనుక వీసా దరఖాస్తు ఫారమైన డీఎస్-160లో కొత్తదే ఉండాలి. గత ఐదేళ్లలో వాడిన సోషల్ మీడియా ఖాతాలన్నిటినీ ఆ ఫారంలో పేర్కొనాలి. విద్యార్థి వీసా దరఖాస్తుదారులు తమ ఖాతాల ప్రైవసీని పబ్లిక్‌గా మార్చాలని 2025 జూన్ నుంచి అడుగుతున్నారు. లింక్డిన్‌లో ఇప్పటికీ పాత శాఖ ఉద్యోగమే లక్ష్యమని రాసి ఉంటే, ఇంటర్వ్యూలో చెప్పే మాటకు అదే అడ్డు తగులుతుంది.

గోదావరి డెల్టా కుటుంబాలకు ఆర్థిక పత్రాల దగ్గర ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. వ్యవసాయ ఆదాయానికి పన్ను లేదు కాబట్టి, వరి చేలు, కొబ్బరి తోటలు ఎన్ని ఉన్నా రిటర్నుల్లో రాబడి తక్కువగా కనిపించవచ్చు. పట్టాదారు పాస్ పుస్తకం, చెరువుల లీజు పత్రాలు, పంట అమ్మిన సొమ్ము జమపడిన బ్యాంకు స్టేట్‌మెంట్లు, విద్యా రుణ మంజూరు పత్రం ఒకచోట పెట్టుకోవాలి. ఇంటర్వ్యూ ముందు వారంలో ఎవరో సర్ది ఖాతాలో వేసిన పెద్ద మొత్తానికి సమాధానం చెప్పడం కష్టం.

జూలై, ఆగస్టులలో గోదావరికి వరద వస్తే లంక గ్రామాల కాజ్‌వేలు మునుగుతాయి కనుక, కోనసీమవారు ఇంటర్వ్యూ కోసం చేసే హైదరాబాదు ప్రయాణం చివరి రోజుకు పెట్టుకోకూడదు.

తిరస్కరణ ఎదురైతే దానిపై అప్పీలు లేదు, మళ్లీ దరఖాస్తు చేసుకోవడానికి అడ్డూ లేదు. ప్రతిసారీ 185 డాలర్ల వీసా రుసుము కొత్తగా చెల్లించాలి, పాత తిరస్కరణను డీఎస్-160లో తెలపాలి. అయితే శాఖ మార్పుపై చెప్పవలసిన సమాధానం మారకుండా, అవే పత్రాలతో తొందరపడి మరో స్లాటు తీసుకుంటే ఫలితం మారే అవకాశం తక్కువ.